ఆరెంజ్ అలర్ట్ ఇచ్చారు, చందానగర్‌లో చుక్క పడలేదు: వాతావరణ శాఖ లెక్క అసలు ఎలా వేస్తారు?

వానాకాలం మొదలైందంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఆరెంజ్ అలర్ట్ అని టీవీలో గొంతు చించుకుంటారు, తీరా చూస్తే మన దగ్గర ఎండ కొడుతుంది. ఏ అలర్టూ లేని రోజు లింగంపల్లి అండర్‌పాస్ నిండిపోతుంది. వీళ్లకి ఏమైనా తెలుసా?" అని.

ప్రశ్నలో కోపం ఉంది, ఆ కోపం నాకు అర్థమవుతుంది. నేనూ చందానగర్‌లోనే ఉంటాను. కానీ దీనికి "వాళ్లకేం తెలీదు" అని జవాబు చెప్పి వదిలేస్తే ప్రమాదం ఉంది. పది సార్లు అలర్ట్ ఇచ్చి వాన పడకపోతే, పదకొండోసారి మనం పట్టించుకోం. ఆ పదకొండోసారే 2020 అక్టోబర్ లాంటి రాత్రి రావచ్చు. అందుకే ఈ ఎపిసోడ్‌లో మన ఫోన్‌లో కనిపించే ఆ వాన గుర్తు ఎక్కడ పుడుతుంది, ఎవరు లెక్క వేస్తారు, ఎక్కడ తప్పుతుంది, మనం దాన్ని ఎలా చదవాలి అనేది మొత్తం చూద్దాం.

ముందు ఈ ఆఫీసులు ఎక్కడున్నాయి?

భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, 1875లో మొదలైంది. 2025 జనవరికి 150 ఏళ్లు నిండాయి. ఎందుకు పెట్టారంటే, 1864లో కలకత్తాని ఒక తుపాను ఊడ్చేసింది, ఆ తర్వాత వానలు లేక కరువులొచ్చాయి. అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక సంగతి అర్థమైంది: దేశమంతా ఒకే పద్ధతిలో వానని కొలిచే ఆఫీసు ఒకటి ఉండాలని.

మన తెలంగాణకి సంబంధించిన వాతావరణ కేంద్రం బేగంపేటలో ఉంది. మీరు న్యూస్‌లో వినే "హైదరాబాద్ వాతావరణ కేంద్రం తెలిపింది" అనే మాట అక్కడి నుంచే వస్తుంది. కానీ పెద్ద లెక్కలన్నీ అక్కడ జరగవు. నోయిడాలో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం ఉంది, దాన్ని 1988లో పెట్టారు. పుణెలో ఐఐటీఎం ఉంది. ఐఐటీ కాదు, ఐఐటీఎం. ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ అది. రుతుపవనాల మీద, క్లైమేట్ మోడల్స్ మీద పని అక్కడ జరుగుతుంది.

ఇక మన పక్కనే ఇంకొకటి ఉంది, చాలామందికి తెలీదు. చందానగర్ నుంచి మియాపూర్, నిజాంపేట దాటి ప్రగతినగర్ వెళ్తే అక్కడ ఇన్‌కాయిస్ అని ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్ర సమాచార కేంద్రం. సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్రం ఆఫీసు ఏంటని నవ్వొస్తుంది. కానీ 2004 డిసెంబర్ సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం కావాలన్నప్పుడు అది ఇక్కడే పెట్టారు. 2007 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా, సునామీ వస్తుందా రాదా అని చెప్పే మనుషులు మన పక్క కాలనీలో రాత్రంతా కూర్చుని ఉంటారన్నమాట.

వాన లెక్కకి సముద్రం ఎందుకు?

మనకి పడే వానలో ఎక్కువ భాగం సముద్రం నుంచి వచ్చిన నీళ్లే. బంగాళాఖాతం ఎంత వేడిగా ఉందో తెలిస్తేనే అల్పపీడనం బలపడి వాయుగుండం అవుతుందా, తుపాను అవుతుందా అనేది అంచనా వేయగలం. నీటి పైభాగం వేడి అయితే శాటిలైట్‌కి కనిపిస్తుంది. లోపల ఎంత లోతు వరకు వేడి ఉందో శాటిలైట్ చూడలేదు.

దానికి ఆర్గో ఫ్లోట్లు అని ఉంటాయి. మనిషంత పొడవున్న గొట్టాలు. ఇవి సముద్రంలో వెయ్యి మీటర్ల లోతుకి దిగి అక్కడ కొట్టుకుపోతూ ఉంటాయి. సుమారు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల వరకు మునిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా వేడి, ఉప్పదనం కొలుస్తాయి. పైకి రాగానే శాటిలైట్‌కి మెసేజ్ పంపి మళ్లీ మునుగుతాయి. మన దేశం వేసిన ఫ్లోట్ల డేటా చేరేది ప్రగతినగర్‌కే. రుతుపవనాల సీజన్ మొత్తానికి వేసే అంచనాలో ఈ సముద్రం లెక్క చాలా ముఖ్యం.

సముద్రం అయ్యింది, ఇప్పుడు ఆకాశం. బేగంపేట నుంచి రోజుకి రెండుసార్లు బెలూన్ వదులుతారు. తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి. దాని కింద చిన్న డబ్బా, అందులో వేడి, తేమ, గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్లు, రేడియో ఉంటాయి. అది పైకి వెళ్తూ వెళ్తూ లెక్కలు పంపుతుంది. ముప్పై కిలోమీటర్ల దగ్గరలో బెలూన్ ఉబ్బి పగిలిపోతుంది. ప్రపంచమంతా వందల ఊళ్లలో ఒకే టైముకి ఇలాగే బెలూన్లు లేస్తాయి. అంతర్జాతీయ గడియారం ప్రకారం అర్ధరాత్రి, మధ్యాహ్నం. మన టైములో ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. యుద్ధాల్లో ఉన్న దేశాలు కూడా ఈ డేటా పంచుకుంటాయి, ఎందుకంటే గాలికి బోర్డర్ లేదు.

ఇది కాక ఇన్‌శాట్ శాటిలైట్లు ఉన్నాయి. కొత్తది ఇన్‌శాట్-3డీఎస్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లింది. విమానాలు పంపే లెక్కలు, ఓడలు పంపేవి, నేల మీద ఆటోమేటిక్ స్టేషన్లు కూడా ఉన్నాయి. తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళికా సంస్థ పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లే వెయ్యికి పైగా ఉన్నాయి. పెద్ద వాన పడ్డ రోజు పేపర్లో "ఫలానా చోట ఇన్ని సెంటీమీటర్లు" అని పొడుగు లిస్టు వస్తుంది చూడండి, అది వీటి పుణ్యమే. ఆ లిస్టులో చందానగర్ పేరు కూడా కనిపిస్తూ ఉంటుంది.

ఇంత డేటాతో ఏం చేస్తారు?

ఇక్కడే అసలు కథ. డేటా అంటే ఇప్పుడు గాలి ఎలా ఉంది అనే ఫొటో మాత్రమే. రేపు ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ ఫొటోని ముందుకి నడపాలి. గాలి ఎలా కదులుతుంది, వేడెక్కితే ఎలా పైకి లేస్తుంది, తేమ ఎప్పుడు నీళ్లుగా మారుతుంది అనే వాటికి ఫిజిక్స్ సూత్రాలు ఉన్నాయి. భూమి మొత్తాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఆ సూత్రాలు పెట్టి, కొన్ని నిమిషాల తర్వాత ఎలా ఉంటుందో లెక్క వేస్తారు. వచ్చిన జవాబు మీద మళ్లీ లెక్క, దాని మీద మళ్లీ లెక్క. అలా పది రోజుల వరకు. దీన్నే మోడల్ అంటారు.

దీన్ని మొదట చేతితో ప్రయత్నించిన మనిషి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ పనిలో ఉంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా కాగితం మీద లెక్క వేశాడు. ఆరు గంటల వాతావరణం లెక్కించడానికి వారాలు పట్టింది. జవాబు ఘోరంగా తప్పింది. ఆరు గంటల్లో గాలి ఒత్తిడి 145 యూనిట్లు మారుతుందని వచ్చింది, నిజానికి ఆ రోజు దాదాపు ఏమీ మారలేదు. అయినా ఆయన దాన్ని దాచలేదు. 1922లో పుస్తకంగా అచ్చు వేసి, ఒక పెద్ద హాల్లో 64,000 మంది కూర్చుని లెక్కలు వేస్తే వాతావరణంతో పోటీ పడి పరుగెత్తొచ్చు అని రాశాడు.

ఇప్పుడు ఆ 64,000 మంది పని కంప్యూటర్లు చేస్తున్నాయి. 2024 సెప్టెంబర్‌లో మన దేశంలో రెండు కొత్త సూపర్ కంప్యూటర్లు మొదలయ్యాయి. పుణెలోది అర్క, నోయిడాలోది అరుణిక. రెండూ సూర్యుడి పేర్లే. అర్క శక్తి 11.77 పెటాఫ్లాప్స్. అంటే సెకనుకి సుమారు 11,770 లక్షల కోట్ల లెక్కలు.

ఇంత శక్తి ఉన్నా చందానగర్ వాన ఎందుకు దొరకదు? గడి సైజు వల్ల. చాలా ఏళ్లు మన మోడల్ గడి 12 కిలోమీటర్లు. 2025 మే 26న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని కొత్తది మొదలుపెట్టారు, దాని గడి 6 కిలోమీటర్లు. ప్రపంచమంతటికీ ఇంత సన్నటి గడితో రోజూ నడిపే మోడల్ అంటే చిన్న విషయం కాదు. కానీ 6 కిలోమీటర్ల గడి అంటే 36 చదరపు కిలోమీటర్లు. చందానగర్, మదీనాగూడ, మియాపూర్, లింగంపల్లి దాదాపు అన్నీ ఒకే గడిలో పడిపోతాయి. ఆ గడి మొత్తానికి మోడల్‌కి తెలిసేది ఒకే వాన, ఒకే వేడి.

మరి మనకి సాయంత్రం వచ్చే ఉరుముల వాన ఎలా ఉంటుంది? మియాపూర్‌లో కుండపోత, ఇక్కడ రోడ్డు కూడా తడవదు. పేపర్లో చదివే క్యుములోనింబస్ మేఘం ఇదే. వెడల్పు కొన్ని కిలోమీటర్లే, ఆయుష్షు గంటో రెండు గంటలో. మోడల్ వల కన్నాల కంటే చేప చిన్నది. ఆ మేఘాన్ని మోడల్ నేరుగా చూడలేదు. "ఈ గడిలో ఇంత వేడి, ఇంత తేమ ఉంది కాబట్టి ఇలాంటి మేఘాలు కొన్ని పుట్టొచ్చు" అని సుమారుగా లెక్క కడుతుంది.

అయితే గడిని ఇంకా సన్నగా కొయ్యొచ్చు కదా? కొయ్యొచ్చు. కానీ గడి సైజుని సగం చేస్తే పొడవునా రెండింతలు, వెడల్పునా రెండింతలు గళ్లు వస్తాయి. పైగా గడి చిన్నదైతే లెక్క వేసే టైమ్ అడుగు కూడా సగం చేయాలి. రెండు, రెండు, రెండు. మొత్తం ఎనిమిది రెట్ల పని. 6 నుంచి 3కి రావాలంటే ఎనిమిది రెట్లు, 3 నుంచి ఒకటిన్నరకి ఇంకో ఎనిమిది రెట్లు. రేపటి వాన గురించి ఎల్లుండి చెప్పే కంప్యూటర్ ఎవరికి కావాలి?

చిన్న పొరపాటు పెద్దదయ్యే చోటు

ఇంకో సమస్య ఉంది, ఇది కంప్యూటర్ కొన్నా తీరేది కాదు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న వాతావరణ మోడల్ నడుపుతున్నాడు. ఒక లెక్కని మధ్య నుంచి మళ్లీ నడపాలనుకుని, ప్రింటు కాగితం చూసి 0.506 అని టైప్ చేశాడు. కంప్యూటర్ లోపల ఉన్న అసలు నంబర్ 0.506127. ఎంత తేడా? పదివేలలో ఒకటి రెండు వంతులు. కాసేపయ్యాక చూస్తే రెండో లెక్క మొదటిదానికి ఏ సంబంధం లేని వాతావరణం చూపిస్తోంది.

దీని అర్థం ఏంటంటే, ఇవాళ మన కొలతలో వెంట్రుకంత తేడా ఉన్నా కొన్ని రోజుల తర్వాత జవాబు పూర్తిగా మారిపోవచ్చు. కొలత ఎప్పుడూ వంద శాతం ఉండదు. మరి ఏం చేస్తారు? ఒకే లెక్క వేయరు. మొదలుపెట్టే నంబర్లని కొంచెం కొంచెం మార్చి అదే మోడల్‌ని చాలాసార్లు నడుపుతారు. ఐఎండీ 2018లో మొదలుపెట్టిన పద్ధతిలో 21 సార్లు. 21లో 18 సార్లు భారీ వాన వస్తే గట్టిగా చెప్తారు. 21లో 4 సార్లే వస్తే, "అవకాశం ఉంది" అంటారు. అందుకే "అవకాశం" అనే మాట విన్నప్పుడు దాన్ని తప్పించుకునే మాట అనుకోకండి. దాని వెనక లెక్క ఉంది.

మరి అలర్ట్ ఎలా చదవాలి?

ఇది ఈ ఎపిసోడ్‌లో మీకు రేపటి నుంచే పనికొచ్చే ముక్క, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

మొదటిది, మాటలకి కొలతలు ఉన్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే "భారీ". 115.6 దాటితే "అతి భారీ". 204.4 దాటితే "అత్యంత భారీ". రిపోర్టర్ ఊపు కొద్దీ వాడే మాటలు కావివి.

వంద మిల్లీమీటర్లు అంటే ఎంతో ఊహించుకోవాలంటే ఇలా చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మీది 200 గజాల ప్లాటు అయితే, అంటే సుమారు 167 చదరపు మీటర్లు, వంద మిల్లీమీటర్ల వానకి దాని మీద పడేది దాదాపు 16,700 లీటర్లు. ఎండాకాలంలో మనం క్యూ కట్టి బుక్ చేసుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు దాటిపోయాయి. ఒక్క ప్లాటుకి. ఆ నీళ్లకి ఇంకే చోటు లేక, అన్ని ప్లాట్ల నుంచీ ఒకేసారి రోడ్డు మీదికొస్తే అండర్‌పాస్ నిండక ఏమవుతుంది?

రెండోది, "ఒకటి రెండు చోట్ల" అనే మాట. ఇది చాలామంది వినకుండా వదిలేస్తారు. వాతావరణ శాఖ భాషలో దీని అర్థం, ఆ ప్రాంతంలోని కొలత కేంద్రాల్లో నాలుగో వంతుకి మించకుండా అని. "జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అంటే, నాలుగింట మూడు చోట్ల భారీ వర్షం పడకపోయినా ఆ అంచనా కరెక్టే. మనం "జిల్లా" అని విని మన గల్లీకి అన్వయించుకుంటాం. అక్కడ మొదలవుతుంది గొడవ.

మూడోది, మీది ఏ జిల్లా? చందానగర్‌లో ఉండే వాళ్లని అడిగితే పది మందిలో తొమ్మిది మంది "హైదరాబాద్" అంటారు. కాదు. శేరిలింగంపల్లి మండలం రంగారెడ్డి జిల్లాలో ఉంది. మరి రంగారెడ్డి జిల్లా ఎక్కడి దాకా ఉంది? షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం, యాచారం దాకా. రంగారెడ్డికి ఆరెంజ్ అలర్ట్ వచ్చి యాచారంలో దంచి కొడితే అలర్ట్ నిజమైనట్టే, మనకి మాత్రం ఎండ. ఇటు పక్కకి నాలుగు అడుగులు వేస్తే బీహెచ్‌ఈఎల్, రామచంద్రాపురం సంగారెడ్డి జిల్లా. అటు నిజాంపేట, కూకట్‌పల్లి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. కాబట్టి మన ఏరియా వాళ్లు ఒక్క హైదరాబాద్ అలర్ట్ చూస్తే చాలదు. ఈ నాలుగు జిల్లాలూ చూడండి. నాలుగింటికీ ఆరెంజ్ ఉంటే అది సీరియస్.

నాలుగోది, రంగులు. గ్రీన్ అంటే హెచ్చరిక లేదు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే ఇప్పుడు పని చేయాల్సిందే. రంగు వాన ఎంత పడుతుందన్న దాని గురించే కాదు, దానివల్ల ఎంత నష్టం జరగొచ్చు అన్నదాని గురించి కూడా.

ఐదోది చిన్నది కానీ అందరినీ కన్ఫ్యూజ్ చేస్తుంది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. 15వ తారీఖు సాయంత్రం పడిన వాన 16వ తారీఖు లెక్కలో కనిపిస్తుంది. "నిన్న పడితే ఇవాళ పడింది అంటున్నారేంటి" అని అనుకోకండి.

ఫోన్‌లో ముందే ఉన్న యాప్ వేరే చెప్తోంది, ఏది నమ్మాలి?

మీ ఫోన్‌తో వచ్చిన వెదర్ యాప్స్‌లో చాలావరకు అమెరికా, యూరప్ మోడల్స్ మీద ఆధారపడతాయి. అవీ మంచి మోడల్సే. యూరప్ వాళ్లది ప్రపంచంలోనే గొప్ప పేరున్నది, గడి 9 కిలోమీటర్లు. కానీ యాప్‌లో "చందానగర్, 5 గంటలకు వర్షం" అని కనిపిస్తే, అది చందానగర్ మీద మేఘాన్ని చూసి చెప్పింది కాదు. గడి లెక్కని మీ లొకేషన్‌కి అతికించింది. ఊరి పేరు పెట్టినంత మాత్రాన ఊరి లెక్క అయిపోదు.

ఇక్కడే రాడార్ వస్తుంది. బేగంపేటలో డాప్లర్ రాడార్ ఉంది. అది చుట్టూ తిరుగుతూ తరంగాలు వదులుతుంది, వాన చుక్కలకి తగిలి అవి వెనక్కొస్తాయి. ఎంత గట్టిగా తిరిగొస్తే అంత పెద్ద చుక్కలు, అంత వాన. చందానగర్ స్టేషన్‌లో నిలబడితే రైలు దగ్గరికొస్తున్నప్పుడు హారన్ ఒక రకంగా, దాటి వెళ్తున్నప్పుడు ఇంకో రకంగా వినిపిస్తుంది కదా, అదే డాప్లర్. దానితోనే ఆ వాన రాడార్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అని తెలుస్తుంది.

రాడార్ రేపటి గురించి చెప్పలేదు. వచ్చే రెండు మూడు గంటల గురించి చెప్తుంది. దాని ఆధారంగా ఇచ్చేదాన్ని నౌకాస్ట్ అంటారు. ఉరుముల వానకి మోడల్ కంటే ఇది నమ్మదగ్గది. సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరే ముందు పొద్దున్న వచ్చిన అంచనా చూడకండి, అప్పటి నౌకాస్ట్ చూడండి. ఐఎండీ వాళ్ల మౌసమ్ యాప్‌లో, వెబ్‌సైట్‌లో ఇదీ ఉంటుంది, రాడార్ బొమ్మా ఉంటుంది. ఎర్ర మచ్చ ఏ వైపు కదులుతోందో వరుసగా నాలుగు బొమ్మలు చూస్తే మీకే అర్థమైపోతుంది.

వాళ్లు ఎందుకు ఎక్కువ జాగ్రత్త పడతారు?

ఇప్పుడు బేగంపేటలో కూర్చున్న అధికారి వైపు నుంచి చూడండి. ఆయన రెండు రకాలుగా తప్పు చేయొచ్చు. అలర్ట్ ఇచ్చి వాన పడకపోవడం ఒకటి. అలర్ట్ ఇవ్వకుండా వాన పడటం ఇంకొకటి. మొదటిది జరిగితే మీమ్స్ వస్తాయి. రెండోది జరిగితే శవాలు వస్తాయి. రెండూ ఒకే బరువు కాదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు హైదరాబాద్‌లో వేల మంది చనిపోయారు. ముందు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ దెబ్బ తర్వాత కట్టినవే. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడింది, సుమారు పది వేల మంది పోయారు. అదే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. ఎక్కడ దాటుతుందో ముందే చెప్పారు, లక్షల మందిని తరలించారు. ఊరు ధ్వంసమైంది, కానీ ప్రాణనష్టం పదుల్లో ఆగింది. మధ్యలో మారింది తుపాను బలం కాదు. శాటిలైట్, రాడార్, మోడల్, వాటిని నమ్మి కదిలిన జనం.

పెద్ద వ్యవస్థల విషయంలో, అంటే అల్పపీడనం, వాయుగుండం, తుపాను లాంటి వాటిలో, ఈ లెక్కలు బాగా పనిచేస్తాయి. వాటి సైజు వందల కిలోమీటర్లు, గడులకి దొరుకుతాయి. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణ మీదుగా వెళ్లింది. ఆ రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు పడింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం సగటున పడేది 80 సెంటీమీటర్లకి అటూ ఇటూ. అంటే హైదరాబాద్ ఏడాది వానలో ముప్పావు వంతుకి పైగా ఒక్క రోజులో.

అదే నెలలో మన ఐటీ కారిడార్‌లో ఇంకో పని జరిగింది. సైబరాబాద్ పోలీసులు కంపెనీలని విడతల వారీగా లాగౌట్ చేయమని అడిగారు. అందరూ ఆరింటికి ఒకేసారి రోడ్డెక్కకుండా. ఆ నిర్ణయం వెనక ఉన్నది వాన అంచనాయే. లాగిన్‌లో ఉన్నవాడికి అది ఇంటి నుంచి పని. ఆర్డర్ తీసుకుని బండి మీద బయల్దేరే డెలివరీ బాయ్‌కి మాత్రం ఎవరూ ఆ మెసేజ్ పంపరు. వానలో ఆర్డర్లు ఇంకా పెరుగుతాయి. రెడ్ అలర్ట్ రోజు ఆకలేస్తే ఇంట్లో ఉన్నదేదో తిందాం. నేనడిగేది అంతే.

మరి క్లైమేట్ సంగతి?

"పది రోజుల వాన చెప్పలేని వాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత వేడి ఎలా చెప్తారు?" మంచి ప్రశ్న. రెండూ వేరే లెక్కలు. వచ్చే శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఒక హలీం సెంటర్ ముందు సరిగ్గా ఎంతమంది ఉంటారో ఎవరూ చెప్పలేరు. కానీ రంజాన్ నెలలో హలీం సెంటర్ల దగ్గర జనం ఎక్కువుంటారని ఎవరైనా చెప్తారు. మొదటిది వెదర్, రెండోది క్లైమేట్. క్లైమేట్ మోడల్ ఏ తారీఖున వాన పడుతుందో చెప్పదు. ఇలాంటి వానలు ఎంత తరచుగా వస్తాయో చెప్తుంది.

పుణె ఐఐటీఎం తయారుచేసిన ఎర్త్ సిస్టమ్ మోడల్ గాలిని, సముద్రాన్ని, నేలని, మంచుని కలిపి నడుపుతుంది. ప్రపంచ దేశాల వాతావరణ నివేదికలకి మన దేశం నుంచి లెక్కలు ఇచ్చిన మొదటి మోడల్ అది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. 1901 నుంచి 2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు దాటే వానలు 1950 నుంచి 2015 మధ్య దాదాపు 75 శాతం పెరిగాయని అందులో ఉంది. కారణం సింపుల్. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమని పట్టుకోగలదు. పట్టుకున్నది ఎప్పుడో ఒకసారి వదలాలి కదా.

కాబట్టి మన నాలాలు పాత వానల లెక్కకి కట్టినవి, పడుతున్నది కొత్త వాన. అంచనా ఎంత బాగున్నా, నీళ్లు పోయే దారి మూసేస్తే అలర్ట్ ఒక్కటీ మనల్ని కాపాడలేదు. ఆ సంగతి ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

ఇప్పటికి మూడు పనులు చేయండి. మౌసమ్ యాప్ పెట్టుకుని మన చుట్టూ ఉన్న నాలుగు జిల్లాల రంగులు పొద్దున్నే చూడండి. బయల్దేరే ముందు నౌకాస్ట్, రాడార్ చూడండి. ఊళ్లో పొలం పనులు చేసే అమ్మానాన్నల ఫోన్లలో దామిని యాప్ వేయండి, అది చుట్టుపక్కల పిడుగుల గురించి చెప్తుంది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ముప్పై సెకన్లలోపే వినిపిస్తే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లమని చెప్పండి. ఇది యాప్ లేకపోయినా పనిచేస్తుంది, ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఇది మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఎవరైనా "అలర్టులన్నీ ఉత్తుత్తివే" అని పెట్టిన రోజు వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త.